పద్దెనిమిది వందల గ్రాములు, మార్జిన్ అదనం

పదకొండో నియమం రాసినవాళ్లెవరో ముందుకు రండి. మీ పేర్లు నాకు తెలియవు. నియమాల పుస్తకం అట్ట మీద కంపెనీ ముద్ర ఉంది గానీ సంతకం లేదు. "సౌందర్యం కోసం చేయించుకునే ఆపరేషన్లకు వైద్య సెలవు వర్తించదు" అని రాశారు. కింద ఉదాహరణలిచ్చారు. ముక్కు సరిచేయించుకోవడం, పొట్ట కొవ్వు తీయించుకోవడం, జుట్టు నాటించుకోవడం. ఆ జుట్టు పక్కనే, కామా పెట్టి, "రొమ్ముల తగ్గింపు" అని రాశారు.

ఆ కామా పెట్టేటప్పుడు ఆ గదిలో ఒక్క ఆడమనిషి ఉన్నా మీ చెయ్యి పట్టుకుని ఆపేది. లేదు కాబట్టే కలం సాఫీగా నడిచింది. నా భుజాల మీద వేలు పట్టేంత లోతున పడ్డ గాట్లు మీరు చూశారా? ఉక్కపోత రోజుల్లో రొమ్ముల కింద ఒరుసుకుని పుండు పడితే, గుడ్డపీలిక మడిచి పెట్టుకుని ఇరవై రెండేళ్లు మీ యూనిఫారాలు కుట్టాను. అది సౌందర్యమా? చెప్పండి, ఎవరు చూసి మురిసిపోయారో.

తిట్టాల్సింది ఇంకా ఉంది. అది తర్వాత. ముందు సంతోషం చెప్పుకుంటాను, ఎందుకంటే ఇరవై ఆరు రోజులుగా నా ఒంట్లో కోపానికి జాగా దొరకడం లేదు.

ఆపరేషన్ అయిన మూడో రోజు ఉదయం బాత్రూంలో నిలబడి కిందికి చూశాను. నా కాళ్ల వేళ్లు కనిపించాయి. వంగలేదు, కాలు ముందుకి చాపలేదు, ఊరికే తల దించానంతే. పదికి పదీ అక్కడే ఉన్నాయి. నిలబడి తల దించి కాళ్లు చూసుకోవడం చిన్నప్పుడెప్పుడో పోయింది నాకు. గట్టిగా పిలిచాను.

"ఏమయ్యా, ఇలా రా."

మా ఆయన మోటారుసైకిళ్లు బాగుచేస్తాడు. చేతిలో పానాతోనే పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది? కుట్టు ఊడిందా?"

"నా వేళ్లు చూడు."

వంగి చూశాడు. జాగ్రత్తగా, ఇంజను చూసినట్టు చూశాడు. "చూశాను. గోళ్లు తీసుకోవాలి," అన్నాడు.

నవ్వొద్దని డాక్టరమ్మ చెప్పలేదు గానీ, చెప్పాల్సింది. నవ్వితే అటూ ఇటూ కుట్లన్నీ ఒకేసారి లాగాయి. గోడ పట్టుకుని నవ్వుతూ, అబ్బా అంటూ, మళ్లీ నవ్వుతూ నిలబడ్డాను. ఆయన పానా పట్టుకుని అలాగే చూస్తూ ఉన్నాడు, ఏ నట్టు బిగించాలో తెలియక.

నొప్పి లేదని అబద్ధం చెప్పను. ఉంది. మొదటి వారం మంచం మీద నుంచి లేవడమంటే ముందు కాళ్లు, తర్వాత నడుము, చివరికి ఎవరో ఒకరి చెయ్యి. పచ్చగా, నీలంగా, ఊదాగా కమిలిన రంగులు రోజుకొకటి. ప్లాస్టర్ల కింద దురద, గోకడానికి లేదు. ఉన్నట్టుండి లోపల సూదితో కరెంటు పెట్టినట్టు జివ్వుమంటుంది. నరాలు మళ్లీ మేలుకుంటున్నాయి, మంచిదే, అంది డాక్టరమ్మ. ముందు జిప్పున్న బిగుతు బ్రా రాత్రీ పగలూ తీయకూడదు. చేతులు భుజం దాటి లేవకూడదు. అంటే తల నేను దువ్వుకోలేను. సింకు ముందు కుర్చీ వేసి, నా తల వెనక్కి వాల్చి, మా ఆయనే రుద్దాడు. గొలుసుకి గ్రీజు వదిలించినట్టు రుద్దాడు. "జుట్టయ్యా అది," అన్నాను. "తెలుసు, ఇది కూడా చిక్కే పడుతుంది," అన్నాడు.

ఇన్ని ఉన్నా, మెడ నొప్పి లేదు. మత్తు దిగిన గంటకే తెలిసింది. రొమ్ము మండుతోంది, పక్కటెముకలు సలుపుతున్నాయి, కానీ మెడ వెనక ఎప్పుడూ వేలాడే ఆ ఇనప చెయ్యి లేదు. నర్సుని అడిగాను, మెడకి కూడా ఏదైనా ఇంజెక్షన్ ఇచ్చారా అని. లేదంది. బరువు దిగిందంతే అంది. డిశ్చార్జి కాగితం మీద రాశారు. ఎడమ పక్క తొమ్మిది వందల ముప్పై గ్రాములు, కుడి పక్క ఎనిమిది వందల డెబ్భై. కలిపితే పద్దెనిమిది వందలు.

డాక్టరమ్మ షరతులు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. "ఆరు వారాలు. రెండు కిలోలు దాటిందేదీ ఎత్తొద్దు. బోర్లా పడుకోవద్దు."

"ఆరు వారాల తర్వాత బోర్లా పడుకోవచ్చా డాక్టరమ్మా?"

"ఎంతసేపైనా పడుకో."

"ఆఖరిసారి పదమూడో ఏట పడుకున్నాను."

ఆవిడ రాస్తున్న చెయ్యి ఆపి నా వైపు చూసింది. తర్వాత కాగితం మీద "ఆరు వారాలు" కింద ఇంకో గీత గీసింది.

ఇంకోటి కూడా చూపించింది, అద్దం పట్టి. కుట్టు చనుమొన చుట్టూ తిరిగి, నిలువుగా కిందికి దిగి, అడుగున అడ్డంగా పోయే కుట్టుతో కలుస్తుంది. ఆ కలిసే చోట, రెండు వైపులా, గింజంత మేర మానలేదు, తడిగా ఉంది. "మూడు అంచులు కలిసే చోటు ఆలస్యంగా మానుతుంది. బరువెత్తితే మొదట తెగేది ఇక్కడే," అంది. నాకు అది విడమరిచి చెప్పక్కర్లేదు. ప్యాంటు కూడా మొదట పిగిలేది కాళ్ల మధ్య నాలుగు కుట్లు కలిసే ఆసనం దగ్గరే. జీవితమంతా అక్కడ రెండోసారి మిషను తిప్పి గట్టి చేసినదాన్ని. నా ఒంటికి మాత్రం రెండోసారి తిప్పడానికి లేదు. ఆగడమే మందు.

ఇక మా షెడ్డు సంగతి. నలభై మిషన్లు. గార్డులకి, నర్సులకి, హోటల్ తలుపు తీసేవాళ్లకి యూనిఫారాలు కుడతాం. కోసిన గుడ్డల కట్ట ఎవరిది వాళ్లే కటింగ్ టేబుల్ దగ్గర నుంచి ఎత్తుకొచ్చుకోవాలి. కట్ట పదహారు కిలోలు. గుండెకి ఆనించి మోస్తాం, ఇంకెలా మోస్తాం. రోజుకి ఇరవై కట్టలు. నా సొంత సెలవులు రెండు వారాలున్నాయి, అవి వాడుకున్నాను. మిగతా నాలుగు వారాలకి డాక్టరమ్మ కాగితం జతచేసి వైద్య సెలవు అడిగాను.

పన్నెండో రోజున జవాబొచ్చింది. తెచ్చింది మా ఆడపడుచు. అదే షెడ్డులో కటింగ్ మాస్టరు, కత్తెరమ్మ అంటారు అందరూ. నన్ను మైకు అంటారు, ఎందుకో చెప్పక్కర్లేదు. కవరు నా ఒళ్లో పెట్టి, దాని మీద తన చెయ్యి తియ్యకుండా అంది.

"వదినా, చదవకముందే చెప్తున్నా. అరవకు. కుట్లు లాగుతాయి."

"నువ్వు చెయ్యి తియ్యి ముందు."

"అరవనని మాటివ్వు."

"అరవను. తియ్యి."

చదివాను. నా ఆపరేషన్ పదకొండో నియమం కిందికి వస్తుందట. పదిహేనో రోజు ఉదయం విధుల్లో చేరని పక్షంలో నా మిషను వేరొకరికి కేటాయించబడునట. కేటాయించబడును. ఎవరు కేటాయిస్తారో చెప్పకుండా పని జరిగిపోతుంది చూశారా, అదీ వాళ్ల రాత.

అరిచాను. వీధి చివర ఇస్త్రీ కొట్టు దాకా వినిపించిందని తర్వాత తెలిసింది.

"మాటిచ్చావు," అంది ఆడపడుచు.

"నీకిచ్చాను. వాళ్లకివ్వలేదు."

పదిహేనో రోజు ఉదయం షెడ్డుకి బయల్దేరాను. పని చెయ్యడానికి కాదు, కాగితం మొహాన పెట్టడానికి. కానీ ఒక్కటి ఒప్పుకోవాలి, బస్సు స్టాపుకి నడుస్తుంటే కాగితం సంగతే మర్చిపోయాను. చొక్కాకి బొత్తాలన్నీ పడ్డాయి. మధ్యలో పిన్నీసు లేదు. ఇరవై రెండేళ్లు ప్రపంచానికి చొక్కాలు కుట్టి, నా ఒంటి మీద బొత్తాలన్నీ పడ్డ చొక్కా అదే మొదటిది. బస్సు కదలబోతోంది. పరిగెత్తలేదు, డాక్టరమ్మకి మాటిచ్చాను. గబగబా నడిచాను. చేతులు అడ్డం పెట్టుకోకుండా గబగబా నడిచాను. పరిగెత్తగలనని మాత్రం కాళ్లకి తెలిసిపోయింది. కండక్టరు వైపు చూసి పళ్లన్నీ బయటపెట్టి నవ్వితే, అతను పాపం ఎవరో తెలిసినవాళ్లనుకుని తనూ నవ్వాడు.

హెచ్చార్ సారుని మేం కాలర్ సారు అంటాం. మెడ దగ్గర బొత్తం ఏ ఎండకీ ఊడదు. చెడ్డవాడని చెప్పను. పుస్తకంలో ఉన్నది చదివి వినిపించే రకం. భోజనం గంటలో షెడ్డులోకే వచ్చాడు, నేను ఆఫీసు గదిలోకి రానన్నాను కాబట్టి. నలభై మంది డబ్బాలు మూసి చూస్తున్నారు.

"చూడమ్మా, నాకు మీ మీద కోపమేం లేదు. ఇది జబ్బు కాదు. జబ్బయితే నేనే సంతకం పెడతాను."

"మెడ నొప్పి జబ్బు కాదా సారూ?"

"మెడ నొప్పి అందరికీ ఉంటుంది. నాకూ ఉంది."

"మీది కూడా కోయించుకుని చూడండి, తగ్గుతుందేమో," అంది వెనక నుంచి ఎవరో. నవ్వులు.

ఆయన నా డిశ్చార్జి కాగితం తీసుకుని చదివాడు. గ్రాముల దగ్గర ఆగాడు. మొహంలో వెలుగొచ్చింది, పాయింటు దొరికిన వెలుగు. "పద్దెనిమిది వందల గ్రాములు. అంతే కదా. నా లాప్‌టాప్ సంచి ఇంతకంటే బరువు. రోజూ భుజాన వేసుకుని వస్తున్నాను. నేనెప్పుడైనా సెలవడిగానా?"

"రాగానే ఏం చేస్తారు సారూ దాన్ని?"

"ఏం చేస్తాను, బల్ల మీద పెడతాను."

"అదే. ఒక్కరోజు పెట్టకుండా ఉండండి."

ఈ మాట నేను ఆలోచించి అనలేదు. నోరు ముందు నడిచింది, బుర్ర వెనకాల పరిగెత్తుకొచ్చింది. కానీ నలభై మంది ఒక్కసారిగా అయ్యో అనకుండా ఆహా అన్నారు. అప్పుడే తెలిసింది, వెనక్కి తగ్గడానికి లేదని.

పందెం కుదిరింది. మేం ఒక జాకెట్టు కుడతాం. ముందు రెండు సంచులు, వాటిలో పద్దెనిమిది వందల గ్రాములు. రేపు షెడ్డులో ఉదయం గంట కొట్టినప్పటి నుంచి సాయంత్రం గంట కొట్టేదాకా ఆయన వేసుకోవాలి. కింద నుంచి చేత్తో ఆనించకూడదు, ఎక్కడా వాల్చకూడదు. ఉంచుకుంటే నేను ఎల్లుండి నుంచి కట్టలు మోస్తాను. తీసేస్తే నా నాలుగు వారాల మీద "చికిత్స" అని రాసి సంతకం పెడతాడు.

"తెండి చూద్దాం," అన్నాడు కాలర్ సారు. పాపం, నిజంగానే తేలిక అనుకున్నాడు.

ఇంటికెళ్లాక మా ఆయనకి చెప్తే, తుడుస్తున్న ప్లగ్గు కింద పెట్టాడు. చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "ఓడిపోతే?" అన్నాడు చివరికి.

"ఓడిపోను."

"గింజంత మానలేదని నువ్వే చూపించావు. పదహారు కిలోలు ఆ గింజ మీద పెడతావా?"

అద్దంలో చూసుకున్నాను మళ్లీ. తడిగానే ఉంది. ఆ రోజంతా నేను చేసిన పని చాలా గొప్పదనుకున్నాను, ఆ ఒక్క నిమిషం మాత్రం కాదు.

జాకెట్టు ఆడపడుచే కోసింది, గార్డు యూనిఫారం గుడ్డలో. నేను కుర్చీలో కూర్చుని అజమాయిషీ. పట్టీలు ఎంత వెడల్పు అని అడిగితే నా పాత బ్రా తెచ్చి చూపించాను. వేలెడు వెడల్పు. ఆ సైజులో బజారులో దొరికేది అదే, మోసేది ఎంతో చూడకుండా పట్టీ సన్నగా కుడతారు. బరువుకి కటింగ్ టేబుల్ మీద గుడ్డ కదలకుండా పెట్టే ఇనప బిళ్లలు తీసుకుంది. ఒక్కోటి నూటయాభై గ్రాములు. లెక్క చూసుకుని సంచుల్లో వేసి నోరు కుట్టేసింది.

మర్నాడు ఉదయం గంటకి కాలర్ సారు ఆ జాకెట్టు వేసుకుని తన గదిలోంచి బయటికొచ్చాడు. దాని మీద వేసుకున్న కోటుకి గుండీ పడక వదిలేశాడు. పట్టపగలు నలభై మిషన్లు ఆగాయి.

"ఏం సారూ, కోటుకి గుండీ పడలేదా? పెద్ద సైజు ఇమ్మంటారా?"

"పెద్ద సైజులో చేతులు కూడా పొడుగొస్తాయి సారూ. మాకూ అంతే."

చేతులు వెనక్కి కట్టుకుని షెడ్డంతా ఒక చుట్టు తిరిగాడు, మొదటి గంట. హుషారుగానే తిరిగాడు. నేను నా మిషను ముందు కూర్చున్నాను, ఊరికే, చేతులు ఒళ్లో పెట్టుకుని. నా కుర్చీ మిగతావాళ్ల కుర్చీల కంటే జానెడు వెనక్కి ఉంటుంది. ఇన్నేళ్లు అక్కడి నుంచి చేతులు చాపి, వేళ్లతో తడుముకుంటూ కుట్టాను. కుర్చీ ముందుకి జరిపాను. ఇంకొంచెం జరిపాను. బల్ల అంచు పొట్టకి తగిలింది. తల దించితే సూది నేరుగా కనిపించింది. సూది, దాని కన్ను, కన్నులో దారం. ఇరవై రెండేళ్ల నుంచి కలిసి పనిచేస్తున్న మనిషిని మొదటిసారి మొహం చూసినట్టుంది. ఇంత దగ్గర నుంచి కుడితే ఎంత బాగా కుట్టగలను అనిపించి వేళ్లు దురద పెట్టాయి. ముట్టుకోలేదు.

పది దాటాక కాలర్ సారు చుట్లు తగ్గాయి. పదకొండుకి బొటనవేళ్లు పట్టీల కింద దూరాయి. ఆ వేళ్లని మేం అందరం గుర్తుపట్టాం. ఆ పని మా అందరిదీ, ఎవరూ చూడట్లేదనుకున్నప్పుడు చేసేది. టీ తెచ్చుకుని తాగుతుంటే ఒలికింది.

"సారూ, కింద చూడకండి. కింద పడలేదు," అంది మా ఆడపడుచు.

ఆయన కింద చూశాడు. నేల పొడిగా ఉంది. టీ అంతా జాకెట్టు మీద ఆగింది. నలభై మంది నవ్వారు. అది ఎగతాళి నవ్వు కాదు, ఒట్టు. మా చీరలకి, చొక్కాలకి అక్కడే కదా మరక పడేది. మనవాడొచ్చాడురా అన్నట్టు నవ్వాం.

భోజనం గంటలో నిలబడే తిన్నాడు. బూటు లేసు ఊడితే కాలు ఎక్కడుందో కనిపించక స్టూలు మీద పెట్టి వెతుక్కున్నాడు. ఆ తర్వాత గదిలోకెళ్లి తలుపేసుకున్నాడు. రెండు గంటలకి తలుపు తెరుచుకుంది. జాకెట్టు ఒంటి మీద లేదు. చేతిలో ఉంది.

షెడ్డు లేచి నిలబడింది. చప్పట్లు మొదలయ్యాయి. ఆయన చెయ్యెత్తాడు.

"ఆగండి. దీని బరువు చూద్దాం ముందు."

కట్టలు తూచే కాటా దగ్గరికి నడిచాడు. జాకెట్టు దాని మీద పెట్టాడు. రెండు వేల రెండు వందల యాభై చూపించింది.

"జాకెట్టు గుడ్డ నూటయాభై అనుకుందాం. మిగతాది రెండు వేల నూరు. మీరు చెప్పింది పద్దెనిమిది వందలు. మూడు వందలు ఎక్కువ పెట్టారు." గొంతు పెంచలేదు. పెంచే అవసరం లేదు. "ఇది మోసం. పందెం చెల్లదు. మీరు రేపు ఉదయం గంటకి కట్టలు మోయాలి."

ఆడపడుచు వైపు తిరిగాను. నాలుక కరుచుకుని ఉంది.

"ఎన్ని బిళ్లలేశావు?"

"అటు ఆరు, ఇటు ఆరు. లెక్క ప్రకారం."

"మరి?"

"మార్జిన్ కలిపాను వదినా. అటొకటి, ఇటొకటి."

"బరువుకి మార్జినేంటే?"

"కొలతకి కుట్టు కోసం మార్జిన్ కలపకుండా పుట్టి బుద్ధెరిగి ఏదీ కొయ్యలేదు నేను. చెయ్యి దానంతటదే వేసేసింది."

ఇది విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కటింగ్ చేసేవాళ్లకి తప్ప ఈ తప్పు ఇంకెవరికీ రాదు. మిగతా కటింగ్ వాళ్లు తలలూపుతున్నారు కూడా, అవును మరి మార్జిన్ లేకుండా ఎలా అన్నట్టు. కాలర్ సారుకి అది అర్థం కాదు. ఆయన దృష్టిలో మేం దొంగలం.

అక్కడ అరిచి ఉంటే ఓడిపోయేదాన్ని. మైకునని పేరు, కానీ అరవలేదు. కత్తెర అడిగాను. ఆడపడుచు సంచుల నోళ్లు విప్పింది. అటొకటి, ఇటొకటి, రెండు బిళ్లలు తీసి కాటా పక్కన పెట్టాను.

"తప్పు మాదే సారూ. మూడు వందలు మావి. తీసేశాం. ఇప్పుడు తూచండి."

తూచాడు. పందొమ్మిది వందల యాభై. గుడ్డ పోతే పద్దెనిమిది వందలు, అణుమాత్రం తేడా లేదు.

"పొద్దుటి నుంచి మీరు మోసింది లెక్కలోకి వద్దు. మర్చిపోండి. సాయంత్రం గంటకి ఇంకా మూడు గంటలుంది. సరైన బరువుతో ఈ మూడు గంటలు వేసుకోండి చాలు. ఉంచుకుంటే రేపు పొద్దున నేను కట్ట మోస్తాను. కుట్లు తెగినా మోస్తాను, మాట తప్పను."

జాకెట్టు తీసి ఆయన ముందు చాపాను, పసిపిల్లాడికి చొక్కా తొడగబోయినట్టు. రెండు కిలోల లోపే కదా, డాక్టరమ్మ షరతు కూడా తప్పలేదు. మళ్లీ కట్టాల్సిన పందెం కాదది, నాకు తెలుసు. మా ఆయన గొంతు చెవిలో వినిపిస్తోంది, పదహారు కిలోలు ఆ గింజ మీద అని. చాపిన చేతులు కిందికి దించలేదు.

కాలర్ సారు జాకెట్టు వైపు చూశాడు. పట్టీల వైపు చూశాడు. తెలియకుండానే చెయ్యి భుజం మీదికి వెళ్లింది. మెడ దగ్గర బొత్తం విప్పి ఉంది, చొక్కా కాలరు పక్కకి జరిగింది. కింద ఎర్రగా, నిలువుగా, వేలెడు వెడల్పు చార. ఆరు గంటల చార. నాకు తెలుసు దాని వయసు.

"వేసుకోండి సారూ."

"వద్దు."

"లాప్‌టాప్ కంటే తక్కువే కదా."

"వద్దన్నాను కదమ్మా." గొంతు తగ్గింది. "మెడ పట్టేసింది."

ఎవరూ నవ్వలేదు. నలభై మందిలో ఒక్కరూ నవ్వలేదు. అప్పుడు మెల్లగా కాజాలమ్మ లేచొచ్చింది. కాజాల మిషను మీద పనిచేస్తుంది, నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. ఎప్పుడూ మగవాళ్ల చొక్కా, రెండు సైజులు పెద్దది, భుజాలు ముందుకి వంచుకుని నడుస్తుంది. ఎవరితోనూ మాట్లాడదు. నా చేతుల్లోంచి జాకెట్టు తీసుకుని, అరచేతుల్లో ఎత్తి దించి చూసింది, కూరగాయలు చూసినట్టు.

"నావి ఇంతకంటే బరువు," అంది. కాలర్ సారుతో కాదు, ఎవరితోనూ కాదు. "నేను రెండు గంటలకి దించుకోలేను."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నా దరఖాస్తు తెప్పించుకుని "చికిత్స" అని రాశాడు. మూడు అక్షరాలు. సంతకం పెట్టాడు. మా ఆడపడుచు వెనక నుంచి నా నడుము పట్టుకుంది, పై నుంచి పట్టుకోవడానికి లేదు కాబట్టి. షెడ్డు మోత మోగిపోయింది. అప్పుడు నేను అరిచాను. ఆ అరుపుకి కుట్లు లాగాయి, లాగనీ.

చప్పట్లు ఆగాక కాలర్ సారు లేచి అన్నాడు. "ఇది మీ ఒక్కరికే. ప్రత్యేక కేసు. నియమం నియమంగానే ఉంటుంది. దాన్ని మార్చడం నా చేతుల్లో లేదు."

కాజాలమ్మ అప్పటికే తన మిషను దగ్గరికి వెళ్లిపోయింది. సాయంత్రం గేటు దగ్గర నా కోసం ఆగింది. "నొప్పి చాలా ఉంటుందా?" అని అడిగింది. ఉంటుందన్నాను. "డాక్టరమ్మ ఏ అంతస్తు?" అని అడిగింది. చెప్పాను. "వేళ్లు నిజంగా కనిపిస్తాయా?" అంది. అక్కడే, గేటు దగ్గరే, చెప్పులు విప్పి చూపించాను. ఇద్దరం తలలు దించి నిలబడ్డాం. నావి నాకు కనిపించాయి. గోళ్లు ఇంకా తీసుకోలేదు.

ఇవాళ ఇరవై ఆరో రోజు. గింజంత ఉన్నది ఆవగింజంత అయింది, పొడిగా ఉంది. ఇంకో పదహారు రోజులకి మంచం మీద బోర్లా పడతాను. మా ఆయన ఇప్పటికే దిండు కొన్నాడు, పల్చటిది. ఈ ఉత్తరం బల్ల ముందు కూర్చుని రాస్తున్నాను. బల్ల దగ్గరగా జరుపుకుని రాస్తున్నాను.

పదకొండో నియమం రాసినవాళ్లారా, ఇప్పుడు మీతో. ప్రత్యేక కేసు నాకొద్దు. కాజాలమ్మ దరఖాస్తు వచ్చే సోమవారం మీ బల్ల మీదికి వస్తుంది. ఆ లోపు ఆ వరసలోంచి "రొమ్ముల తగ్గింపు" అన్న ఆ రెండు మాటలు కొట్టెయ్యండి. జుట్టు పక్కన ఉన్న కామాతో సహా కొట్టెయ్యండి. ఆరు వారాలు అని రాయండి, చికిత్స అని రాయండి. కట్టలు మోయడానికి చక్రాల బండి పెట్టండి, ఆపరేషన్ అయినవాళ్లకే కాదు, అందరికీ. ఈసారి ఆ పేజీ రాసే గదిలో మా షెడ్డు ఆడవాళ్లని ఇద్దరిని కూర్చోబెట్టండి.

కుదరదంటారా, సరే. జాకెట్టు కటింగ్ టేబుల్ పక్కన మేకుకి వేలాడుతోంది. పన్నెండు బిళ్లలు, మార్జిన్ తీసేశాం, కాటా పక్కనే ఉంది, తూచుకోండి. ఒక్కొక్కరే రండి. ఉదయం గంటకి వేసుకుని సాయంత్రం గంటకి తీయండి. తీయకుండా ఉండగలిగినవాడు ఆ నియమం కింద తన పేరు రాసి సంతకం పెట్టాలి. ఉండలేనివాడు ఆ రోజే, ఆ పేజీ అక్కడికక్కడే చింపాలి.